చూడటం ఒక విద్య... చూపించడం ఒక కొలువు!

ముదినేపల్లి సెంటర్లో బస్సెక్కి కైకలూరు వైపు వెళ్లే కాలేజీ కుర్రాళ్లను 'ఆటపాక ఎప్పుడైనా వెళ్లారా?' అని అడిగి చూడండి. 'ఆ... పెంగ్విన్లు ఉంటాయి, అదే కదా!' అనేవాళ్లు ఒకరిద్దరైనా తగులుతారు. నవ్వకండి. పెలికాన్ అనబోయి పెంగ్విన్ అనడం మన దగ్గర కొత్తేమీ కాదు. పుట్టినప్పటి నుంచి చెరువు గట్టు మీద చూస్తున్న పక్షికి 'గూడబాతు' అని చక్కటి తెలుగు పేరుందని తెలియనివాళ్లే ఎక్కువ. ఇంటర్వ్యూలో ఎవరైనా 'మీది కొల్లేరు ప్రాంతమా? అయితే అక్కడి పక్షుల గురించి రెండు మాటలు చెప్పండి' అంటే మీ దగ్గర ఏముంది? బిట్ బ్యాంకులో చదివిన ఒక్క వాక్యం!

పెంగ్విన్ల సంగతి ముందే తేల్చేద్దాం. అవి మన దేశంలో అడవి పక్షులుగా ఎక్కడా లేవు. ముంబయి బైకుల్లా జూలో 2016లో తెచ్చిన హంబోల్ట్ పెంగ్విన్లు ఉన్నాయి గానీ అవి ఏసీ గదిలో అద్దాల వెనక ఉంటాయి. స్వేచ్ఛగా తిరిగే పెంగ్విన్లను చూడాలంటే దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, గాలాపగోస్ దీవుల లాంటి చోట్లకు పోవాలి. టికెట్ డబ్బుల మాట అటుంచితే, ఆ దేశాల వాళ్లు అరుదైన పక్షిని దూరం నుంచి చూపించడం ఎలాగో నేర్చుకున్నారు. ఆ పాఠం ఆటపాకలోనూ పనికొస్తుంది. అందుకే ఈ కథనంలో పెంగ్విన్లు అప్పుడప్పుడూ వచ్చిపోతుంటాయి. అసలు కథ మాత్రం మన గూడబాతుదే.

ముందు పక్షిని పోల్చుకోండి

కైకలూరు నుంచి ఏలూరు రోడ్డెక్కితే కాసేపట్లోనే ఆటపాక. అటవీ శాఖ పక్షుల కేంద్రం అక్కడే ఉంది. గుడివాడ - భీమవరం రైలు మార్గంలో కైకలూరు స్టేషన్లో దిగినా సరే, ఏలూరు నుంచి కొల్లేటి మీదుగా బస్సులో వచ్చినా సరే. తాడేపల్లిగూడెం వాళ్లకు ఏలూరు దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు సుఖం. గూళ్లు కట్టే కాలం సాధారణంగా అక్టోబరు, నవంబరులో మొదలై మార్చి దాకా నడుస్తుంది. మధ్యాహ్నం ఎండలో వెళ్తే మీకూ కష్టమే, పక్షికీ కష్టమే. పొద్దున్నే వెళ్లండి.

నీళ్లలో ఇనుప స్టాండ్ల మీద బూడిద తెలుపు రంగులో, పెద్ద సంచిలాంటి ముక్కుతో కూర్చున్నవే గూడబాతులు. ముక్కు పొడవునా చిన్న చిన్న మచ్చలుంటాయి, అందుకే ఇంగ్లిష్‌లో 'స్పాట్ బిల్డ్ పెలికాన్' అంటారు. బరువు 4 నుంచి 6 కిలోలు. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు రెండు మీటర్ల పైమాటే. వాటి పక్కనే పొడవు కాళ్లతో, పసుపు ముక్కుతో, తోక దగ్గర గులాబీ రంగుతో కనిపించేవి ఎర్రకాళ్ల కొంగలు, అంటే పెయింటెడ్ స్టార్క్‌లు. చాలామంది ఈ రెండింటినీ కలిపి 'పెలికాన్లే' అని స్టేటస్ పెట్టేస్తుంటారు. నల్లగా, రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తే నీటికాకి. మొదటిరోజు ఈ మూడింటినీ విడదీసి చెప్పగలిగితే చాలు, మంచి ఆరంభమే.

పొలానికి నీళ్లు తోడే గూడ మీ తాతలకు తెలుసు. ఇద్దరు చెరో పక్కా నిలబడి, తాళ్లు పట్టుకుని, కాలువలో ముంచి ఎత్తిపోసేవాళ్లు. గూడబాతు ముక్కు కింది సంచి పనితీరు అచ్చం అలాగే ఉంటుంది. నీళ్లతో సహా చేపను ముంచేసి, నీళ్లు జారవిడిచి, చేపను మింగుతుంది. సంచిలో చేపలు దాచుకుని ఎగురుతుందన్నది మాత్రం ఒట్టి మాట. పిల్లకు తిండి పెట్టేటప్పుడు చూడండి, పిల్ల తన తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చేస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు 'అయ్యో, మింగేస్తోందే!' అని కంగారుపడతారు. మింగడం కాదు, అది భోజనం.

ఓసారి పెట్టేది మూడు, నాలుగు గుడ్లు. నెల రోజులకు కాస్త అటూ ఇటూగా పొదుగుతాయి. ఆ తర్వాత పిల్లలు మూడు నుంచి ఐదు నెలల దాకా గూడును అంటిపెట్టుకునే ఉంటాయి. ఈ నాలుగు నుంచి ఆరు నెలల లెక్క గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దీంతో పని పడుతుంది.

ఒకసారి పోయి, మళ్లీ వచ్చిన పక్షి

ఇప్పుడు వందల్లో కనిపిస్తున్నాయి కదా, మరి 'అరుదైన' అనడం దేనికి? కాస్త వెనక్కి వెళ్దాం.

1946లో కె.కె. నీలకంఠన్ అనే ఆయన కొల్లేరు ప్రాంతంలో పెద్ద గూడబాతుల కాలనీని గుర్తించి, లోకానికి తెలిసేలా రాశారు. అప్పట్లో అక్కడ గూళ్లు కట్టిన పక్షులు దాదాపు 3000. ఈ నీలకంఠన్ జువాలజిస్టు కాదు, ఇంగ్లిష్ పాఠాలు చెప్పే అధ్యాపకుడు. కేరళకు చెందిన ఆయనే 'ఇందుచూడన్' అనే కలం పేరుతో మలయాళంలో పక్షుల మీద రాసి పేరు తెచ్చుకున్నారు. 'మాది బీఏ కదా, మాకెందుకివన్నీ' అనేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

1975 వచ్చేసరికి ఆ కాలనీ కనుమరుగైంది. మూడు దశాబ్దాల్లో మూడు వేల పక్షుల ఊరు ఖాళీ! ఒక్క మనకే కాదు ఈ గతి. బర్మాలో సిట్టాంగ్ నది దగ్గర 1877లో లక్షల్లో కనిపించిన ఇదే జాతి పక్షులు గత శతాబ్దం మధ్య నాటికి అక్కడ లేకుండా పోయాయి. శాస్త్రీయ నామంలోనే 'ఫిలిపెన్సిస్' అని ఉన్నా, ఫిలిప్పీన్స్‌లో ఇప్పుడు ఈ పక్షి లేదు. ఇవాళ ప్రపంచంలో ఇది గూళ్లు కడుతున్నది ప్రధానంగా దక్షిణ భారతం, శ్రీలంక, కంబోడియాల్లోనే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, దీన్ని 'ముప్పుకు దగ్గరగా ఉన్న' జాతుల్లో చేర్చింది. ఒకప్పుడు ఇంతకన్నా తీవ్రమైన జాబితాలో ఉండేది. ఇప్పుడు కాస్త తేరుకుంది. ఆ తేరుకోవడంలో ఆటపాక వాటా కూడా ఉంది.

గూడబాతు చెట్టు మీద గూడు కడుతుంది. గట్టున ఉన్న చెట్ల కన్నా నీళ్ల మధ్య ఉన్న చెట్టు దానికి క్షేమం. చుట్టూ నీళ్లుంటే కుక్కలు, పిల్లులు రావు. కానీ కొల్లేట్లో అలాంటి చెట్లు ఎన్నని మిగిలాయి? ఉన్నవి కూడా ఏళ్ల తరబడి పడే రెట్టల ఘాటుకు ఎండిపోతుంటాయి. అందుకే అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతించింది. గూడబాతు వాటినే చెట్లనుకుంది, లేదా చెట్టు లేకపోతే ఇదే చాలనుకుంది. పుల్లలు తెచ్చి పేర్చుకుని కాపురం పెట్టేసింది.

చాలామంది ఆ స్టాండ్లను చూసి 'ఇదేంటి, జూలా ఉందే' అని పెదవి విరుస్తారు. నాకైతే ఆ తుప్పు పట్టిన ఇనుమే అక్కడ అన్నింటికన్నా చూడదగ్గ వస్తువు అనిపిస్తుంది. ఎందుకంటే దక్షిణాఫ్రికాలోనూ సరిగ్గా ఇదే కథ. అక్కడి పెంగ్విన్లు శతాబ్దాలుగా పేరుకున్న పక్షి రెట్టల పొరల్లో బొరియలు తవ్వుకుని గుడ్లు పెట్టేవి. ఎరువు కోసం మనుషులు ఆ పొరలన్నీ గీకి ఓడలకెత్తేశారు. పెంగ్విన్లు ఎండలో బయట పడ్డాయి. ఇప్పుడు వాటికి మనుషులే గూటి పెట్టెలు తయారుచేసి పెడుతున్నారు. అయినా ఆ జాతిని 2024లో 'అత్యంత ప్రమాదంలో' ఉన్న జాబితాలోకి మార్చారు. అంటే, ఒకసారి ఇల్లు తీసేశాక మళ్లీ కట్టిచ్చినా అన్ని పక్షులూ తేరుకోవు. మన గూడబాతు తేరుకుంది. ఆ అదృష్టాన్ని సెల్ఫీ కోసం పాడుచేసుకోకూడదు.

ఎంత దూరం నుంచి చూడాలి?

అసలు విషయం ఇదే. పడవలో వెళ్లే కుర్రాళ్ల గుంపు ఒకటి ఊహించుకోండి. 'అన్నా, ఇంకొంచెం దగ్గరికి పోనీ... ఎగిరితే వీడియో బాగా వస్తుంది.' స్పీకర్‌లో పాట. ఒకడు చప్పట్లు కొడతాడు. స్టాండు మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. రీల్ అదిరింది.

పడవ వెనక్కి తిరిగాక ఏం జరుగుతుందో రీల్‌లో ఉండదు. గూట్లో గుడ్డు ఎండకు మాడుతుంది. ఈకలు రాని పిల్లకు తల్లి రెక్కల నీడే గొడుగు. అది లేకపోతే కాసేపట్లోనే వడలిపోతుంది. ఈలోపు కాకులు, గద్దలు ఊరుకోవు. పైన చెప్పిన నాలుగు నుంచి ఆరు నెలల లెక్క గుర్తుందా? అంత కాలం కష్టపడి పెంచాల్సిన పిల్ల పావుగంటలో పోతుంది. గూళ్లు వరసగా ఉంటాయి కాబట్టి ఒక్క అరుపుకు పోయేది ఒక్క గూడు కాదు.

చట్టం కూడా ఈ విషయంలో మనం అనుకునేదానికన్నా గట్టిగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అనే మాటకిచ్చిన అర్థం చూడండి. తుపాకీతో కాల్చడం, వల వేయడమే కాదు, పక్షి గుడ్లు పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించి అలజడి చేయడం కూడా అందులోకే వస్తాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ పాయింట్ రాసుకోండి. అడవిలోకి వెళ్లని మనిషి కూడా, పడవలో కూర్చునే, చట్టం దృష్టిలో వేటగాడు కావచ్చు.

మరి ఎంత దూరం? మీటర్లు కొలవక్కర్లేదు, పక్షే చెబుతుంది. పొదుగుతున్న పక్షి మెడ నిటారుగా ఎత్తి మీవైపే చూడటం మొదలెడితే మీరు గీత దాటినట్టే. లేచి నిలబడి రెక్కలు సగం తెరిస్తే ఇంకా ముందుకు పోవద్దు, వెనక్కి రండి. మీరున్నా లెక్కచేయకుండా ఈకలు దువ్వుకుంటుంటేనే సరైన దూరం. పడవ నడిపేవాళ్లకు ఇది మనకన్నా బాగా తెలుసు. వాళ్లను తొందరపెట్టేది మనమే. 'దగ్గరికి పోనీ' బదులు 'ఇక్కడే ఆపండి బాబాయ్, ఓ పది నిమిషాలు' అని చూడండి. అప్పుడు కనిపించేవి వేరు. పుల్ల కోసం పక్క గూటివాళ్లతో తగాదా పడే పక్షి, అన్న కన్నా ముందు తిండికి ఎగబడే చిన్న పిల్ల, చేపతో వచ్చి తన గూడు ఏదో వెతుక్కునే తండ్రి.

న్యూజిలాండ్‌లో పసుపు కళ్ల పెంగ్విన్ అని ఒకటుంది, మహా మొహమాటస్థురాలు. సాయంత్రం సముద్రం నుంచి చేపతో ఒడ్డుకు వచ్చేటప్పుడు ఇసుకలో మనిషి కనిపిస్తే చాలు, నీళ్లలోనే ఆగిపోతుంది. లోపల పొదల్లో పిల్లలు ఆకలితో ఎదురుచూస్తుంటాయి. అందుకే అక్కడ చాటు గుడిసెల్లోంచి చూడమంటారు. దక్షిణాఫ్రికాలో బౌల్డర్స్ బీచ్‌లో 1982లో రెండే రెండు జంటలతో మొదలైన పెంగ్విన్ల కాలనీ వేలకు పెరిగింది. చూడ్డానికి లక్షల మంది వస్తారు. ఇసుక మీద నడవనివ్వకుండా చెక్క వంతెనలు వేసి, వాటి మీద నుంచే చూడమన్నారు. టూరిజం ఆగలేదు, పెంగ్విన్లూ పోలేదు.

ఆటపాకలో ఇంకో రెండు మాటలు. డ్రోన్ ఎగరేయకండి. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు, పైగా తలమీద ఎగిరే ఏ వస్తువైనా పక్షికి గద్దే. ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిలవకండి. చిప్స్ ప్యాకెట్ నీళ్లలో వేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇక ఫోన్ కెమెరాతో జూమ్ చేసి ఎంత తీసినా రెండు తెల్ల చుక్కలే వస్తాయి, ఆ అనుభవం నాకూ ఉంది. అద్దెకో, స్నేహితుడి దగ్గర అరువుకో ఒక బైనాక్యులర్ సంపాదించండి. 8x42 అని రాసి ఉన్నది కొత్తవాళ్లకు సరిగ్గా సరిపోతుంది.

మన చెరువు, వాటి చేప

ఇక్కడ దాటేయకూడని సంగతి ఒకటుంది. ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు చుట్టుపక్కల నుంచి ఈ పేజీ చదివేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఫీజులు కట్టింది చేపల చెరువే. శీలావతి, బొచ్చె అమ్మిన డబ్బుతోనే మీ ఇంజినీరింగ్ సీటు వచ్చి ఉండొచ్చు. గూడబాతు తినేదీ చేపే. మేత ఖర్చు, సీడ్ ఖర్చు, లీజు భరించే రైతుకు ఆ పక్షి అందమైన అతిథి కాదు. గట్టు మీద టపాసులు కాల్చేది, చెరువు పైన దారాలు, వలలు కట్టేది ఆ కోపంతోనే. వలలో రెక్క ఇరుక్కుని చచ్చే పక్షులూ ఉంటాయి.

రైతును తిట్టి లాభం లేదు. సరస్సు సంగతి కూడా చూడాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉండే కొల్లేట్లోకి బుడమేరు, తమ్మిలేరు లాంటివి నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు ఆ నీళ్లను సముద్రానికి చేరుస్తుంది. కిక్కిస, తుంగ పెరిగే లోతులేని నీళ్లే పక్షికి మేత బీడు. ఆ నీళ్లలోకి చెరువు గట్లు వచ్చేశాయి. 1999లో ప్లస్ 5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, ఆ లెక్కలో 901 చదరపు కిలోమీటర్లు. ఈ రెండు అంకెలూ వేరువేరని తెలియక పరీక్షల్లో తప్పు పెట్టేవాళ్లు బోలెడుమంది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యంలోని చెరువు గట్లు కొట్టేశారు. అప్పుడు ఉపాధి పోయిన కుటుంబాల బాధ నిజం, కుంచించుకుపోయిన సరస్సు బాధా నిజం. కాంటూరును ప్లస్ 3కు తగ్గించాలా వద్దా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

మీరు ఏ పక్షాన ఉండాలో చెప్పడం నా పని కాదు. కానీ చెరువు భాషా, పక్షి భాషా రెండూ వచ్చినవాళ్లు చాలా తక్కువ. బయటి నుంచి వచ్చే పరిశోధకుడికి పక్షి తెలుసు, చెరువు లీజు తెలియదు. ఊళ్లోవాళ్లకు చెరువు తెలుసు, పక్షి లెక్క తెలియదు. రెండూ తెలిసిన మనిషి అవసరం ఇక్కడ ఉంది. అక్కడే ఉద్యోగాల మాట మొదలవుతుంది.

ఈ చూపుతో ఏ ఉద్యోగాలు?

సలీం అలీ పేరు మీరు వినే ఉంటారు, మన దేశ పక్షి శాస్త్రానికి పెద్ద దిక్కు. ఆయనకు యూనివర్సిటీ డిగ్రీ లేదు. ఆ కారణంగానే జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో దొరికిన కొలువు గైడ్ లెక్చరర్. అంటే వచ్చినవాళ్లకు పక్షుల గురించి చెప్పి చూపించడమే. నెల జీతం 350 రూపాయలు. పక్షిని చూపించడం చిన్న పనేమీ కాదు.

అయితే కాలం మారింది, ఇప్పుడు డిగ్రీ కావాలి. ఏ డిగ్రీ అన్నదే ప్రశ్న. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది, మెయిన్స్ వేరు. డిగ్రీలో జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశుపోషణల్లో ఏదో ఒకటైనా ఉండాలి, లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. బీటెక్ వాళ్లకు దారి తెరిచే ఉందని చాలామందికి తెలియదు. బీకాం వాళ్లకు మాత్రం లేదు, నోటిఫికేషన్ వచ్చాక బాధపడకుండా ఇప్పుడే తెలుసుకోండి.

రాష్ట్ర స్థాయిలో ఏపీపీఎస్సీ ద్వారా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పోస్టులు భర్తీ అవుతాయి. బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ కొలువులకు 2025లో నోటిఫికేషన్ వచ్చింది, ఇంటర్ అర్హత చాలు. రాత పరీక్ష ఒక్కటే అనుకుంటే పొరపాటు. నాలుగు గంటల్లో పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడిచి చూపించాలి. కోచింగ్ సెంటర్లో కూర్చుని మార్కులు తెచ్చుకుని నడక దగ్గర ఆగిపోయేవాళ్లు ఏటా ఉంటారు. మీకు కొల్లేటి గట్లున్నాయి. పొద్దున్నే పక్షులు చూసే వంకతో వారానికి మూడు రోజులు నడవండి, రెండు పనులూ అవుతాయి.

పరిశోధన వైపు మనసుంటే దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లలో వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. సీట్లు తక్కువ, ప్రవేశ పరీక్ష గట్టిది. కోయంబత్తూరులో సలీం అలీ పేరుతోనే పక్షి శాస్త్ర కేంద్రం ఉంది. ఇలాంటి చోట్ల ప్రాజెక్టులు వచ్చినప్పుడు ఫీల్డ్ అసిస్టెంట్లను, ప్రాజెక్టు అసిస్టెంట్లను తీసుకుంటారు. జీతం పెద్దగా ఉండదు, కాలపరిమితి ఉంటుంది. కానీ ఆ ఏడాది అనుభవం తర్వాతి తలుపు తీస్తుంది. పోర్టులు, రోడ్లు, కర్మాగారాలకు ముందు తయారుచేసే పర్యావరణ ప్రభావ నివేదికల్లో జీవవైవిధ్యం మీద రాసే నిపుణుడు తప్పనిసరి. కన్సల్టెన్సీ సంస్థలు అందుకోసం మనుషుల్ని పెట్టుకుంటాయి. ఎవరూ పెద్దగా మాట్లాడుకోని ఉద్యోగం ఇది.

గైడ్ పని గురించి నిజం చెప్పాలి. ఆటపాక లాంటి చోట అది సీజన్ పని, ఏడాది పొడవునా ఇల్లు గడవదు. ఇంకో పనితో కలిపి చేసుకోవాల్సిందే. పక్షుల ఫొటోగ్రఫీ అయితే సంపాదన కన్నా ముందు లెన్స్ ఖర్చు చూసుకోండి. అప్పు చేసి కెమెరా కొనే ఆలోచన ఉంటే మానుకోండి.

వీటన్నింటికీ రెజ్యూమెలో ఏం చూపించాలి? సర్టిఫికెట్ల కన్నా మీ సొంత లెక్కల పుస్తకం మిన్న. ఈబర్డ్ అని ఒక ఉచిత యాప్ ఉంది, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లది. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, ఏ పక్షి, ఎన్ని అన్నది నమోదు చేస్తే ప్రపంచమంతా చూసే లెక్కలో చేరిపోతుంది. పక్షి పేరు తెలియకపోతే వాళ్లదే మెర్లిన్ యాప్ సాయం చేస్తుంది. రెండేళ్లు ఒకే చెరువు దగ్గర నెలకోసారి లెక్క రాసినవాడు ఇంటర్వ్యూలో ప్రశ్నకు తడుముకోడు.

లెక్కపెట్టడం కూడా నేర్చుకోవాల్సిందే. గుంపును చూసి 'వెయ్యి ఉంటాయి' అనేయకండి. ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కించండి. ఆ పది ఎంత చోటు పట్టాయో కళ్లతో పట్టుకోండి. అదే కొలతతో గుంపంతా జరుపుకుంటూ పోండి. స్టాండ్ల మీద అయితే ఇంకా తేలిక, స్టాండుకు ఎన్ని గూళ్లో రాసుకుంటే చాలు. పెద్దవి వేరు, పిల్లలు వేరు రాయాలి. రెండుసార్లు లెక్కించి రెండు అంకెలూ ఉంచండి, దిద్దకండి.

ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ నడుస్తోంది. వాలంటీర్లు కావాలి. ఫిబ్రవరిలో క్యాంపస్ బర్డ్ కౌంట్ ఉంటుంది. మీ కాలేజీ ఆవరణలోని పిట్టల్నే లెక్కించాలి, జువాలజీ మేడం ఒప్పుకుంటే క్లాసంతా చేయొచ్చు.

ఆటపాక ఒక్కటే కాదు

గుంటూరు పక్కన ఉప్పలపాడు ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల పక్కనే కాపురం పెడతాయి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో నీళ్లలో మునిగిన చెట్ల మీదే గూళ్లు కడతాయి కాబట్టి ఇనుప స్టాండ్ల అవసరం తక్కువ. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరివాళ్లు పక్షులు రావడాన్ని శుభంగా భావిస్తారు. కొన్నేళ్ల కిందట అక్కడ పరాన్నజీవి పురుగుల వల్ల వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. ఏ కాలనీ ఎంత నిండుగా కనిపించినా ఒక్క సీజన్ చాలు తలకిందులు కావడానికి.

ఇక కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న పక్షి. 1986 జనవరిలో కడప ప్రాంతంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మళ్లీ కనుగొన్నారు. శాస్త్రవేత్తలు పుస్తకాల్లో వెతుకుతున్న ఆ పిట్టను వాళ్ల చేతికి అందించింది పిట్టలు పట్టే ఒక స్థానికుడు. ఆ ప్రాంతాన్నే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం చేశారు. అలా చేతికి చిక్కిన ఆ మొదటి పక్షి బతకలేదు. దాన్ని చూడ్డానికి మాత్రం దయచేసి బయల్దేరకండి. కొన్నింటిని చూడకుండా వదిలేయడమే వాటికి మనం చేసే సాయం.

ఆటపాకకు వెళ్లేవాళ్లు ఆదివారం మానేసి వారం మధ్యలో వెళ్లండి, జనం పలచగా ఉంటారు. పడవ ఎక్కే ముందు అక్కడి పర్యావరణ కేంద్రంలో పక్షుల బొమ్మలున్నాయి, ఓ అరగంట చూడండి. పేర్లు అక్కడే పట్టుకుంటే నీళ్లలో వెతుక్కోనక్కర్లేదు. జేబులో చిన్న నోటుబుక్, పెన్సిల్. పెన్ను వద్దు, పడవలో తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. మొదటి పేజీలో తేదీ, సమయం, స్టాండు నంబరు, గూళ్లెన్ని, పిల్లలెన్ని రాయండి. నెల తర్వాత మళ్లీ అదే స్టాండు దగ్గరికే వెళ్లండి.